మలివెలుగు వేటలో మన పాలు

మన సంఘం ప్రత్యేక సంచిక అనగానే డి.ఆర్. శాతాలు, వైద్య భత్యం, లైఫ్ సర్టిఫికెట్ గడువు, దివంగతులైన మిత్రులకు నివాళి, ఇవి తప్పక ఉంటాయి. ఉండాలి కూడా. వీటి మధ్య ఆకాశం గురించి ఒక చరిత్ర వ్యాసం ఎందుకని సభ్యులు అడగవచ్చు. తంతి, తపాలా, టెలిఫోను శాఖలలో జీవితమంతా గడిపిన మనకు ఈ కథ పరాయిది కాదు. ఇది సమయానికి అందిన వార్త కథ. వార్త అందిన చోట వెలుగు దక్కింది. అందని చోట చీకటే మిగిలింది. పైగా ఈ కథలో గుంటూరు ఉంది, హైదరాబాదు ఉంది, శ్రీహరికోట ఉంది. మన పరిటాల వజ్రాల నేలకు కూడా పోలిక ఒకటి ఉంది.

ఆకాశంలో ఏదో ఒక మూల, ఏ సూచనా లేకుండా, కొన్ని సెకన్లపాటు గామా కిరణాలు జల్లుమంటాయి. వీటిని గామా కిరణ విస్ఫోటనాలు అంటారు. ఆ మెరుపు ఆరిపోయిన తరువాత అదే చోట చాలా మందమైన కాంతి ఒకటి మిగిలి, గంటగంటకూ క్షీణిస్తూ, కొన్నాళ్లకు మాయమవుతుంది. పొద్దు గుంకిన తరువాత కాసేపు నిలిచే సంధ్య వెలుగు వంటిది. దీనిని మనం మలివెలుగు అందాం. ఈ మలివెలుగును టెలిస్కోపులతో పట్టుకోవడం ఎలా మొదలయింది, అందులో మన దేశం వంతు, మన తెలుగు నేల వంతు ఏమిటి అన్నదే ఈ వ్యాస విషయం.

గుంటూరు నుంచి పోయిన ఉత్తరం

క్షణకాలం ఉండి పోయే వెలుగు కోసం దేశాంతరాల నుంచి మనుషులు రావడం మన ప్రాంతానికి కొత్త కాదు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. చంద్రుని నీడ బిజాపూరు వైపు నుంచి గుంటూరు, మచిలీపట్నాల మీదుగా సముద్రంలోకి పోయింది. పరిటాల, నందిగామలు కూడా ఆ నీడలోనివే. ఫ్రాన్సు దేశం నుంచి జాన్సెన్, ఇంగ్లీషు ప్రభుత్వం తరఫున మేజర్ టెన్నెంట్ గుంటూరులో మకాం వేశారు. మద్రాసు నక్షత్రశాల అధికారి పాగ్సన్ మచిలీపట్నంలో ఉన్నారు. ఆ అయిదారు నిమిషాల చీకటిలో సూర్యుని అంచున లేచే ఎర్రని జ్వాలలలో హైడ్రోజన్ వాయువు ఉన్నదని జాన్సెన్ వర్ణపట దర్శినితో గుర్తించారు. ఆ గీతలు ఎంత కాంతిమంతంగా ఉన్నాయంటే గ్రహణం లేకపోయినా వాటిని చూడవచ్చునని ఆయనకు తట్టింది. మరునాడే చూశారు కూడా.

ఆ సంగతి వివరిస్తూ ఆయన రాసిన ఉత్తరం పారిస్‌లోని విజ్ఞాన పరిషత్తుకు చేరి అక్టోబరు 26న సభ ముందుకు వచ్చింది. అదే సంగతిని ఇంగ్లండులో కూర్చుని అక్టోబరు 20న స్వయంగా కనుగొన్న లాక్యర్ ఉత్తరం కూడా అదే రోజున ఆ సభకు అందింది. రెండు నెలల ముందు చూసినవానికీ, ఆరు రోజుల ముందు చూసినవానికీ తపాలా ఒకే తేదీ వేసింది! ఫ్రెంచి ప్రభుత్వం ఇద్దరి ముఖాలతో ఒకే పతకం పోయించి తగవు లేకుండా చేసింది. సూర్యుడు ఎక్కడికీ పోడు కనుక అక్కడ ఆలస్యం వల్ల నష్టం లేకపోయింది. ఆరిపోయే వెలుగు విషయంలో అలా కాదు.

అందుకే ఖగోళ శాస్త్రజ్ఞులు పందొమ్మిదో శతాబ్దం చివరి నుంచే తంతిని ఆశ్రయించారు. కొత్త తోకచుక్క గాని, కొత్తగా వెలిగిన నక్షత్రం గాని కనబడితే ఒక కేంద్ర కార్యాలయానికి తంతి ఇవ్వడం, అక్కడి నుంచి లోకంలోని నక్షత్రశాలలన్నిటికీ తంతులు పోవడం పద్ధతి. ఆకాశంలో స్థానం, తేదీ, ప్రకాశం అన్నీ అయిదేసి అంకెల గుంపులుగా పంపేవారు. చివరి గుంపు అంతకుముందు గుంపుల కూడిక. దారిలో ఒక్క అంకె తప్పినా కూడిక కుదరక దొరికిపోయేది. మోర్సు తాళం మీద అంకెల తంతులు కొట్టిన మన పెద్దలకు ఈ జాగ్రత్త విలువ ఒకరు చెప్పనక్కరలేదు. మన దేశంలో తంతి సేవ 2013 జూలైలో ముగిసింది గాని, ఆ కేంద్రం పేరులో తంతి అన్న మాట ఆ తరువాత కూడా అలాగే నిలిచింది.

ముప్పయి ఏళ్ల చిక్కుముడి

1963లో అణు పరీక్షల నిషేధ ఒప్పందం కుదిరింది. రష్యా దొంగచాటుగా అంతరిక్షంలో బాంబు పేల్చుతుందేమోనని కాపలా కాయడానికి అమెరికా వేలా అనే ఉపగ్రహాలను పంపింది. 1967 జూలై 2న అవి ఒక గామా కిరణాల జల్లును నమోదు చేశాయి. అది బాంబు కాదు. భూమి నుంచి వచ్చినదీ కాదు, సూర్యుని నుంచి వచ్చినదీ కాదు. అటువంటివి మరికొన్ని పోగయిన తరువాత 1973లో లాస్ అలమోస్ శాస్త్రజ్ఞులు క్లెబెసాడెల్, స్ట్రాంగ్, ఓల్సన్ ఆ సంగతి ప్రకటించారు.

ఇవి ఎక్కడివి అన్నది చిక్కుప్రశ్న. గామా కిరణాలను అద్దంతో గాని కటకంతో గాని సులభంగా కేంద్రీకరించలేము. అందువల్ల ఏ దిక్కు నుంచి వచ్చాయో సుమారుగానే తెలిసేది. 1991 ఏప్రిల్‌లో పంపిన కాంప్టన్ ఉపగ్రహంలోని బాట్సీ పరికరం తొమ్మిదేళ్లలో 2,704 విస్ఫోటనాలను నమోదు చేసింది గాని, అది చూపే స్థానంలో పొరపాటు చందమామ వెడల్పుకు ఎన్నో రెట్లు ఉండేది. అంత జాగాలో టెలిస్కోపు పెట్టి దేనిని చూడాలి? అయితే ఒక సంగతి తేలింది. అవి పాలపుంత పట్టీ వెంబడి గుమిగూడకుండా ఆకాశమంతటా సమంగా పరచుకొని ఉన్నాయి. 1995 ఏప్రిల్‌లో వాషింగ్టన్‌లో ఈ విషయం మీద బహిరంగ వాదన జరిగింది. ఇవి సుదూర గెలాక్సీలలోనివని పచిన్‌స్కీ, మన పాలపుంత పరిసరాలలోనివని లాంబ్ వాదించారు. ఎవరిది నిజమో తేల్చడానికి దూరం తెలియాలి. దూరం తెలియడానికి మామూలు కాంతిలో ఆ వస్తువు కనబడాలి. అంటే మలివెలుగు దొరకాలి.

1997 ఫిబ్రవరి 28

ఇటలీ, నెదర్లాండ్స్ దేశాలు కలిసి 1996 ఏప్రిల్‌లో పంపిన బెప్పోసాక్స్ ఉపగ్రహంలో గామా పరికరంతోపాటు ఎక్స్‌రే కెమెరాలు ఉన్నాయి. 1997 ఫిబ్రవరి 28న ఒక విస్ఫోటనం ఆ కెమెరా కంట పడింది. రోములోని సిబ్బంది లెక్కలు కట్టి ఉపగ్రహాన్ని అటు తిప్పించారు. సుమారు ఎనిమిది గంటలకు ఆ చోట ఆరిపోతున్న ఎక్స్‌రే కాంతి కనబడింది. స్థానం ఇప్పుడు చిన్న ముక్కకు తగ్గింది. వార్త అందుకొన్న వాన్ పారడైస్ బృందం ఆఫ్రికా తీరాన కానరీ దీవులలోని 4.2 మీటర్ల విలియం హెర్షెల్ టెలిస్కోపుతో, విస్ఫోటనం జరిగిన 21 గంటలకు ఫోటో తీయించింది. మార్చి 8న మళ్లీ అదే జాగా ఫోటో తీశారు. మొదటి ఫోటోలో ఉన్న ఒక చుక్క రెండవ దానిలో లేదు. అదే మలివెలుగు. లోకంలో మొదటిసారి దొరికినది.

తొలకరి పడి మట్టి కొట్టుకుపోయిన తరువాత పరిటాల, గుడిమెట్ల చుట్టుపక్కల చేలలో వజ్రాల కోసం వెతికేవారిని మనం చూస్తూనే ఉన్నాము. ఉత్తర సర్కారులు ఇంగ్లీషువారి పరమయినా, ఈ గనుల కోసమే నిజాం పరిటాల గ్రామాలను తన కింద ఉంచుకొన్నాడని జిల్లా చరిత్రలు చెబుతాయి. వెతికేవాడు ఏటవాలు ఎండలో నిలబడి, వేలాది గులకరాళ్ల మధ్య నిన్న లేని తళుకు ఈవేళ ఏదయినా ఉన్నదా అని చూస్తాడు. ఖగోళ శాస్త్రజ్ఞుడు చేసేదీ అదే. పాత ఆకాశ పటాన్ని పక్కన పెట్టుకొని, వేలాది చుక్కల మధ్య పటంలో లేని చుక్క కోసం వెతుకుతాడు. తేడా ఒక్కటే. వజ్రం రేపటికీ వజ్రమే. ఈ చుక్క రేపటికి ఉండదు.

అదే సంవత్సరం మే 8న వచ్చిన మరొక విస్ఫోటనపు మలివెలుగును హవాయి దీవులలోని కెక్ టెలిస్కోపుతో చూసి దూరం కట్టారు. సుమారు 700 కోట్ల సంవత్సరాల నాడు బయలుదేరిన కాంతి అది. పచిన్‌స్కీ వాదన నెగ్గింది. దూరం కట్టిన కాల్టెక్ బృందంలో హుబ్బళ్లిలో పెరిగి, ఢిల్లీ ఐ.ఐ.టి.లో చదువుకొన్న శ్రీనివాస్ కులకర్ణి ముఖ్యులు.

మలివెలుగు ఎందుకు కలుగుతుంది? సూర్యుని కంటె ఎన్నో రెట్లు బరువైన నక్షత్రం తన బరువు తానే మోయలేక కూలినప్పుడు, లేదా రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొన్నప్పుడు, దాదాపు కాంతివేగంతో పదార్థపు ధార ఒకటి బయటికి చిమ్ముతుంది. ఆ ధారలోపలి కల్లోలం నుంచి గామా కిరణాలు వస్తాయి. ధార చుట్టూ ఉన్న పలుచని వాయువును ఢీకొని దున్నుకొంటూ పోతుంటే, అయస్కాంత క్షేత్రంలో చుట్లు తిరిగే ఎలక్ట్రానుల నుంచి వెలువడేది మలివెలుగు. ధార నెమ్మదించిన కొద్దీ అది ఎక్స్‌రే నుంచి మామూలు కాంతికి, అక్కడి నుంచి రేడియో తరంగాలకు దిగుతుంది. స్థూలంగా లెక్క ఇది. గడిచిన కాలం రెట్టింపయితే వెలుగు సుమారు సగమవుతుంది. గంటకు చూసిన వెలుగులో మరునాటికి మిగిలేది పాతికో వంతో, ముప్పయ్యో వంతో. కనుకనే మొదటి గంటలు బంగారం.

భూగోళం మీద రాత్రి డ్యూటీ

మానవుడు మేలుకొని, ఫోను చేసి, టెలిస్కోపు తిప్పేసరికి గంటలు గడుస్తాయి. అందుకని అమెరికాలోని గొడార్డ్ కేంద్రంలో స్కాట్ బార్తెల్మీ 1993 ప్రాంతంలోనే, ఉపగ్రహం కొట్టిన గంటను సెకన్లలో కంప్యూటర్ల ద్వారా లోకమంతటికీ అందించే ఏర్పాటు చేశారు. దాని ఫలం 1999 జనవరి 23న దక్కింది. లాస్ అలమోస్‌లో నాలుగు టెలిఫోటో లెన్సులు కట్టిన రాట్సీ అనే చిన్న యంత్రం, వార్త అందగానే మనిషి ప్రమేయం లేకుండా తనంతట తాను తిరిగి, 22 సెకన్లకే మొదటి ఫోటో తీసింది. క్షణాలలో ఆ చుక్క తొమ్మిదో తరగతి ప్రకాశానికి పెరిగింది. అంటే మామూలు బైనాక్యులర్సుకు అందే వెలుగు, 900 కోట్ల సంవత్సరాలకు పైగా ప్రయాణించి వచ్చినది.

అప్పుడు మన దేశంలో మధ్యాహ్నం మూడుంబావు. పట్టపగలు ఏ టెలిస్కోపూ పనిచేయదు. కాని అమెరికాలో తెల్లవారిన తరువాత ఆ మలివెలుగును చూడగలిగేది ఎవరు? రాత్రి అప్పుడు మన వైపుకు వస్తుంది. నైనిటాల్‌లోని ఉత్తరప్రదేశ్ రాష్ట్ర నక్షత్రశాలలో రామ్ సాగర్ బృందం 104 సెంటీమీటర్ల టెలిస్కోపుతో దాని క్షీణతను కొలిచింది. అమెరికా, ఐరోపా కొలతల మధ్య ఖాళీని మన కొలతలు పూరించాయి. టెలిఫోను ఎక్స్ఛేంజీలో రాత్రి షిఫ్టు చేసినవారికి ఇది తెలిసిన లెక్కే. ఒకరు దిగేసరికి మరొకరు ఎక్కకపోతే బోర్డు ఖాళీ.

2001 ఫిబ్రవరి 22న మరొక విస్ఫోటనం మనకు మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలో జరిగింది. వార్త బెప్పోసాక్స్ నుంచి వచ్చింది. సుమారు ఎనిమిది గంటలకే భారత ఖగోళ భౌతిక సంస్థ వారు రెండు చోట్ల నుంచి మలివెలుగును చూడడం మొదలుపెట్టారు. ఒకటి తమిళనాడులోని జావాది కొండల మీది కావలూరు. దానిని నెలకొల్పిన వైను బప్పు హైదరాబాదులో పెరిగినవారు, నిజాం కాలేజీ విద్యార్థి. ఆయన తండ్రి నిజామియా నక్షత్రశాలలో పనిచేశారు. రెండవది లడాఖ్‌లో 4,500 మీటర్ల ఎత్తున ఉన్న హాన్లే. అక్కడి రెండు మీటర్ల టెలిస్కోపు అప్పటికి కొత్తగా నిలబెట్టినది. అదే సంవత్సరం నుంచి దానిని బెంగుళూరు దగ్గర హోస్కోటేలో కూర్చుని ఉపగ్రహ లింకు ద్వారా నడపసాగారు. ప్రాణవాయువు కూడా చాలని కొండ మీది యంత్రం, రెండు వేల కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న మనిషి చేతికి లోబడింది. టెలికాం వారు గర్వించదగిన సంగతి ఇది.

2003 మార్చి 29 నాటి విస్ఫోటనం దగ్గరలోనిది గనుక దాని మలివెలుగు బాగా కనిపించింది. పూనా సమీపంలోని పెద్ద రేడియో టెలిస్కోపు జి.ఎం.ఆర్.టి. దానిని నెలల తరబడి వెంబడించింది. ఆ మలివెలుగు క్షీణిస్తుండగా దాని అడుగు నుంచి ఒక సూపర్‌నోవా బయటపడింది. దీర్ఘ విస్ఫోటనం నక్షత్ర మరణమే అన్నది అప్పుడు గట్టిపడింది. ఆ చుక్కను కొందరు ఔత్సాహికులు కూడా సొంత టెలిస్కోపులతో పట్టుకొన్నారు.

తెలుగు నేల వంతు

విస్ఫోటనాలను కనిపెట్టే భారత పరికరాలు ఆకాశానికి ఎగిసినది మన శ్రీహరికోట నుంచే. 1992 మే 20న ఎ.ఎస్.ఎల్.వి. రాకెట్ మీద స్రాస్-సి, 1994 మే 4న స్రాస్-సి2 ఉపగ్రహాలు గామా విస్ఫోటన పరికరాలతో వెళ్లాయి. నూటపది కిలోల చిల్లర బరువున్న స్రాస్-సి2 ఏళ్ల తరబడి పనిచేసి పదుల సంఖ్యలో విస్ఫోటనాలను నమోదు చేసింది.

హైదరాబాదులో ఇ.సి.ఐ.ఎల్. దగ్గర టాటా సంస్థ బెలూన్ కేంద్రం 1969 నుంచి ఉన్నది. అక్కడి నుంచి పెద్ద ప్లాస్టిక్ బెలూన్లకు ఎక్స్‌రే, గామా పరికరాలు కట్టి ముప్పయి, నలభై కిలోమీటర్ల ఎత్తుకు పంపేవారు. పని ముగిశాక పెట్టె పారాచూటు మీద ఏ చేనులోనో దిగేది. దానిని విప్పవద్దని, పోలీసు స్టేషనుకు కబురు చేయమని పత్రికలలో ప్రకటన వచ్చేది. ఆ ప్రకటనలు మనలో చాలామంది చదివే ఉంటారు. అలా బెలూన్ల మీద చేయి తిరిగిన అనుభవం తరువాతి ఉపగ్రహ పరికరాలకు పునాది అయింది.

2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచే పి.ఎస్.ఎల్.వి. మీద ఆస్ట్రోశాట్ వెళ్లింది. అందులోని సి.జెడ్.టి. పరికరాన్ని తెరిచిన మొదటి రోజే, అక్టోబరు 6న, ఒక విస్ఫోటనం దొరికింది. 2023 నాటికి ఆ లెక్క 600కు చేరింది. 2018లో హాన్లేలోనే 70 సెంటీమీటర్ల యంత్ర టెలిస్కోపు ఒకటి పని మొదలుపెట్టింది. వార్త అందగానే తనంతట తానే తిరిగే రకం అది.

ఈ ఏర్పాట్ల ఫలితం ఎంతటిదో రెండు ఉదాహరణలు చాలు. 2017 ఆగస్టు 17న మన సాయంత్రం ఆరుంబావు ప్రాంతంలో 13 కోట్ల కాంతి సంవత్సరాల దూరాన రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొన్న గురుత్వ తరంగం, దాని వెనుక రెండు సెకన్లలోపే గామా జల్లు అందాయి. ఆ తరువాతి కాంతిని పరిశీలించి, బంగారం వంటి బరువైన మూలకాలు అటువంటి తాకిడులలో పుడతాయని గ్రహించారు. మన ఆడపిల్లల మెడలోని పుస్తెలలో అటువంటి నక్షత్రాల వాటా ఉన్నదన్నమాట. 2022 అక్టోబరు 9న మన సాయంత్రం ఆరు గంటల నలభై ఏడు నిమిషాలకు ఇంతవరకు నమోదయిన వాటిలోకెల్లా ప్రకాశవంతమైన విస్ఫోటనం భూమికి అందింది. సుమారు 200 కోట్ల కాంతి సంవత్సరాల నుంచి వచ్చి మన వాతావరణపు పై పొరలను కూడా కదిలించింది. ఆస్ట్రోశాట్ దానిని నమోదు చేసింది. ఆ సమయంలో ఆ చోటు శ్రవణా నక్షత్రం దిక్కున, మన నెత్తి మీదనే ఉన్నది. పరిటాల దగ్గర హైవే మీద బస్సు కోసం నిలబడినవారి మీద కూడా ఆ జల్లు కురిసింది. ఎవరికీ తెలియలేదు.

మూతపడుతున్న కన్ను

ఇంత చెప్పుకొన్న తరువాత ఒక లోటు చెప్పక తప్పదు. 1901లో నవాబు జఫర్ జంగ్ హైదరాబాదులో ప్రారంభించిన నిజామియా నక్షత్రశాల అంతర్జాతీయ ఆకాశ పటం పనిలో తన వంతు జాగాను పూర్తిచేసి పేరు తెచ్చుకొన్నది. తరువాత ఉస్మానియా విశ్వవిద్యాలయం రంగారెడ్డి జిల్లా జపాల్-రంగాపూర్‌లో 48 అంగుళాల టెలిస్కోపును 1968లో నిలబెట్టింది. అప్పటికి దేశంలో దానికంటె పెద్దది లేదు. 1980 ఫిబ్రవరి 16 సంపూర్ణ గ్రహణానికి దేశదేశాల శాస్త్రజ్ఞులు అక్కడికి వచ్చారు. ఆనాడు ఇళ్ల తలుపులు మూసుకొని కూర్చున్న సంగతి మన వయసువారికి గుర్తే. మలివెలుగుల కాలం వచ్చేసరికి మాత్రం నగరపు దీపాలు అటు పాకాయి, పని సన్నగిల్లింది. గంట కొట్టే పరికరం మన నేల నుంచి ఎగురుతున్నది. ఆ గంట విని చూడవలసిన పెద్ద కన్ను మాత్రం మన నేల మీద మూతపడింది.

మన మెట్ట ప్రాంతంలోనూ అదే జరుగుతున్నది. మన చిన్ననాడు జగ్గయ్యపేట, నందిగామ, కంచికచర్ల డాబాల మీద పడుకొంటే పాలపుంత కనబడేది. ఇప్పుడు హైవే దీపాలు, టోల్‌గేటు దీపాలు, క్వారీ దీపాలు పైకి చిమ్మే వెలుగులో సప్తర్షులే మసకబారుతున్నారు. దీపాలు వద్దనడం లేదు. వాటికి పైన మూత పెట్టి వెలుగు రోడ్డు మీదికి దింపితే కరెంటు ఆదా, ఆకాశం ఆదా.

కనుక సభ్యులకు రెండు మనవులు. మన సంఘం తరఫున పంచాయతీలకు, రహదారి అధికారులకు ఈ మూతల విషయమై ఒక మహజరు ఇద్దాము. వార్షికోత్సవ నిధిలో మిగులు ఉంటే మన ప్రాంతంలోని ఒక జిల్లా పరిషత్ హైస్కూలుకు ఒక చిన్న టెలిస్కోపు కొనిద్దాము. ఇరవై ముప్పయి వేలలో మంచిదే వస్తుంది. దానితో మలివెలుగులు కనబడకపోవచ్చు. చంద్రుని గుంటలు, శని వలయం, గురుని నాలుగు చందమామలు కనబడతాయి. రాత్రిపూట వంతులవారీగా కాపలా కాసి, చూసింది చూసినట్టు టైముతో సహా రాయడం పిల్లలకు అలవాటవుతుంది. లాగ్ పుస్తకం ఎలా రాయాలో చూపించడానికి మనలో పదిమంది సిద్ధంగా ఉన్నారు. వారి పేర్లు వచ్చే సమావేశానికి ముందే కార్యదర్శికి అందజేయ ప్రార్థన.